కేసీఐ పేపర్లున్న కుక్కపిల్లకు తుంటి జబ్బు: అమ్మిన బ్రీడరుపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పద్నాలుగు నెలల క్రితం విజయవాడ శివారులో ఒక బ్రీడరు వద్ద రెండు నెలల ఆడ లాబ్రడార్ పిల్లను రూ.28,000కు కొన్నాము. ఇరవై వేలు ఫోన్‌లో పంపించి, మిగిలినది చేతికి ఇచ్చాము. బిల్లు ఇవ్వలేదు. "కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయి, తల్లీతండ్రీ ఆరోగ్యంగా ఉన్నాయి, ఏ జబ్బూ రాదు, గ్యారంటీ" అని ఆయన వాట్సాప్‌లో రాశారు. పదో నెల నుంచి అది వెనుక కాళ్లు ఈడుస్తోంది. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు రెండు తుంటి కీళ్లలోనూ హిప్ డిస్‌ప్లేసియా ఉందన్నారు. బ్రీడరును అడిగితే, అన్నం ఎక్కువ పెట్టి, గ్రానైట్ నేల మీద పెంచిన తప్పు మాదేనన్నారు. దాన్ని తిరిగి ఇచ్చేసి మరో పిల్లను తీసుకోమంటున్నారు. లేదా ఒక్కసారి క్రాసింగ్ చేయించి పిల్లలను అమ్ముకుంటే డబ్బు రాబట్టుకోవచ్చు, ఈనితే కాలు కూడా సర్దుకుంటుంది అంటున్నారు. చీటింగ్ కేసు పెట్టవచ్చునా? ఆయన చెప్పిన రెండు దారుల్లో దేనికైనా ఒప్పుకోవచ్చునా? — ఒక పాఠకురాలు

జవాబు: చీటింగ్ కేసు గురించి ముందుగా చెప్పి ముగిస్తాను. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 కింద నేరం నిలవాలంటే, అమ్మే రోజుననే ఆయన మనసులో మోసపు ఉద్దేశం ఉన్నదని చూపించవలసి ఉంటుంది. తల్లికో తండ్రికో తుంటి జబ్బు ఉన్న సంగతి తెలిసీ దాచారనడానికి మీ చేతిలో ఆధారం ఉంటే తప్ప, పోలీసు స్టేషను ఇది సివిల్ తగాదా అని మిమ్మల్ని తిప్పి పంపడానికే అవకాశం ఎక్కువ. మీకు తగిన చోటు వినియోగదారుల కమిషన్.

అక్కడ మీ కేసు బలం కుక్కకు జబ్బు వచ్చిందన్న దానిలో లేదు. ప్రాణమున్న దేనికైనా జబ్బు రావచ్చునని ప్రతివాది తరపు న్యాయవాది మొదటి మాటలోనే అంటారు, అది నిజమే. మీ బలమంతా ఆ వాట్సాప్ సందేశంలోని "ఏ జబ్బూ రాదు, గ్యారంటీ" అన్న మాటలో ఉన్నది. తల్లిదండ్రుల తుంటికి ఎక్స్‌రే తీయించి, ఫలితం చూసి ఆ మాట అన్నారా, లేక ఏ పరీక్షా లేకుండానే అన్నారా అన్న ప్రశ్న చుట్టూనే మీరు నోటీసును, ఫిర్యాదును నడిపించాలి.

ఎందుకో చెబుతాను. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 18 ప్రకారం, ఒక మనిషి తనకున్న సమాచారం అనుమతించని విధంగా నిజం కాని విషయాన్ని నిశ్చయంగా చెబితే, తాను దానిని నిజమని నమ్మి చెప్పినా సరే, అది తప్పుడు ప్రాతినిధ్యమే అవుతుంది. అందువల్ల బ్రీడరు దురుద్దేశంతో అన్నారని మీరు రుజువు చేయనక్కరలేదు. ఇంకా పనికివచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47). తగిన పరీక్ష ఆధారంగా లేని వారంటీనో గ్యారంటీనో ప్రజలకు ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ సెక్షన్ చెబుతుంది. పరీక్ష చేయించే ఇచ్చామని అమ్మకందారు వాదిస్తే, ఆ వాదనను రుజువు చేసే భారాన్ని ఆయన మీదనే పెడుతుంది. మీకొక్కరికే రాసిన సందేశం "ప్రజలకు" ఇచ్చిన హామీ ఎలా అవుతుందని ఆయన తప్పక అడుగుతారు. కాబట్టి ఆయన ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో వాట్సాప్ స్టేటస్‌లోనో అదే హామీ కనబడితే, తొలగించక ముందే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగానే లెక్కిస్తుంది.

"కేసీఐ పేపర్లున్నాయి కదా" అన్న జవాబుకు మీరు తడబడవలసిన పని లేదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే రిజిస్ట్రేషన్ కుక్క జాతిని, తల్లిదండ్రులను, వంశాన్ని తెలియజేసేది. పెళ్లిచూపులలో గోత్రం చెప్పినంత మాత్రాన వరుడి ఆరోగ్యం చెప్పినట్టు కానట్లే, పెడిగ్రీ కాగితం ఉన్నంత మాత్రాన తుంటి బాగున్నదని తేలదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం అమ్మకందారులకు అలవాటు, కొనేవారూ నమ్ముతారు.

ఇక గ్రానైట్ నేల వాదన. దీనిని తేలికగా కొట్టిపారేయవద్దు, ఎందుకంటే అందులో కొంత నిజమున్నది. హిప్ డిస్‌ప్లేసియా అంటే తొడ ఎముక తలకాయ, అది కూర్చునే గుంట సరిగ్గా అమరక కీలు వదులుకావడం. ఇది అనేక జన్యువుల కలయికతో సంక్రమించే లోపం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులలో ఎక్కువగా కనబడుతుంది. అయితే ఎదిగే వయసులో అధిక బరువు, అతివేగంగా పెరగడం, జారే నేల దానిని ముదరబెడతాయి. తుంటి బాగున్న జంటకు కూడా ఒక్కొక్కప్పుడు జబ్బు పిల్ల పుడుతుంది. అందుచేత మీ డాక్టరుగారి నుంచి "ఉన్నది" అన్న ఒక్క మాట సరిపోదు. పిల్ల బరువు ఏ నెలలో ఎంత ఉన్నదో చూపే టీకా పుస్తకం, కుంటడం మొదలైన తేదీ, ఎక్స్‌రే ఫిల్ము, వంశపారంపర్య కారణానికి ఉన్న అవకాశంపై లిఖితపూర్వక అభిప్రాయం అవసరం. గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల మీకు దగ్గరలోనే ఉన్నది. ప్రైవేటు క్లినిక్ నివేదిక కంటే ప్రభుత్వ కళాశాల నిపుణుల అభిప్రాయానికి కమిషన్ ముందు సహజంగా ఎక్కువ బరువు ఉంటుంది కనుక, రెండో అభిప్రాయం అక్కడ తీసుకోవడం మంచిది.

మరొక చిక్కు చాలామందికి తట్టదు. ఎక్స్‌రేలోని కుక్క తాను అమ్మిన కుక్కేనని బ్రీడరు ఒప్పుకోకపోతే ఏమి చేస్తారు? జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపక, విక్రయ నిబంధనల ప్రకారం పిల్లను మైక్రోచిప్ వేసి, టీకాలు వేయించిన తరువాతనే అమ్మాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మీ పిల్లకు చిప్ ఉంటే దాని పదిహేను అంకెల నంబరు ఎక్స్‌రే ఫిల్ముపై పడేలా చూడండి. లేకపోతే ఆ లేకపోవడమే ఆయన చేసిన ఉల్లంఘనగా నోటీసులో రాసి, ఇప్పుడు చిప్ వేయించి, కొన్ననాటి ఫోటోలతో కలిపి గుర్తింపును స్థిరపరచండి.

అవే నిబంధనల కింద బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి, క్రాసింగ్‌కు ముందు అది ఆరోగ్యంగా ఉన్నదని పశువైద్యుడు ధ్రువీకరించాలి, ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు, జీవితకాలంలో అయిదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్ల తరువాత క్రాసింగ్ చేయించకూడదు, తండ్రీకూతుళ్లను, తోబుట్టువులను కలపకూడదు. మీ పిల్ల తల్లి విషయంలో ఇవి పాటించారా అని నోటీసులో అడగండి: రిజిస్ట్రేషన్ నంబరు, తల్లి వయసు, అది ఎన్నో ఈత, పశువైద్యుడి ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రే ఫలితం. పశువైద్యుడి సాధారణ ధ్రువపత్రం తుంటి పరీక్షకు బదులు కాదని గమనించండి. పైకి చలాకీగా పరుగెత్తే కుక్కకు కూడా లోపల కీలు వదులుగా ఉండవచ్చు. శ్రద్ధగల బ్రీడరుకు ఈ పరీక్షలు కొత్తవేమీ కావు. అమెరికాలో 1966లో ఏర్పడిన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ కుక్కకు ఇరవై నాలుగు నెలలు నిండిన తరువాతనే తుంటికి తుది గ్రేడు ఇస్తుంది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య పద్ధతిలో 'ఏ' (బాగున్న తుంటి) నుంచి 'ఇ' (తీవ్రమైన జబ్బు) వరకు గ్రేడ్లున్నాయి. కంటిచూపు పోగొట్టే పీఆర్ఏ, శ్రమపడితే కుప్పకూలే ఈఐసీ వంటి లాబ్రడార్ జబ్బులకైతే డీఎన్ఏ పరీక్షే ఉన్నది. తుంటికి అటువంటి ఒక్క జన్యువు పరీక్ష లేదు, ఎక్స్‌రేయే ఆధారం. అడిగిన కాగితాలు ఆయన దగ్గర ఉండీ ఇవ్వకపోతే, వాటిలో తనకు వ్యతిరేకమైనదే ఉన్నదని భావించమని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 119 ఆధారంగా మీరు కోరవచ్చు.

కాలపరిమితి రెండేళ్లు. అది జబ్బు బయటపడిన రోజు నుంచి అని వాదించవచ్చు గాని, ఆ వాదన మీద ఆధారపడకండి. కొన్న తేదీ నుంచే లెక్కవేసుకుని, మిగిలిన పది నెలలలోపే దాఖలు చేయండి. బ్రీడరు విజయవాడ వారైనా, ఫిర్యాది నివసించే చోటనే కేసు వేసుకునే హక్కును 2019 చట్టం ఇచ్చింది కనుక గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము ఏమీ లేదు. వాట్సాప్ సందేశాలకు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం, ఇరవై వేలకు బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. చేతికిచ్చిన ఎనిమిది వేలకు ఆధారం లేకపోతే, ఆ రోజు మీతో వచ్చినవారి అఫిడవిట్ చాలవరకు సరిపోతుంది. నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలలలో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాల సంగతి గుంటూరు కోర్టుల మెట్లెక్కిన ఎవరికైనా తెలుసు కాబట్టి, అంతకంటే ఎక్కువ కాలానికే సిద్ధపడండి.

తిరిగి ఇచ్చి మరో పిల్లను తీసుకోవాలా అన్నది చట్టం మీ ఇష్టానికి వదిలిన విషయం. వస్తువును తన దగ్గరే ఉంచుకుని, తగ్గిన విలువ మేరకు పరిహారం అడిగే హక్కు సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 59లో ఉన్నది. కమిషన్‌లో ధర మొత్తం వాపసు అడిగితే కుక్కను అప్పగించమనే ప్రశ్న వస్తుంది; అందుకని ధరలో కొంత భాగం, ఇప్పటివరకు అయిన చికిత్స ఖర్చు, డాక్టరు రాసిన అంచనా ప్రకారం తుంటి ఆపరేషను ఖర్చు, మానసిక వేదనకు పరిహారం అని విడివిడిగా అడగడం మేలు. ఒక మాట నా అభిప్రాయంగా చెబుతాను: ఒక్క ఈత వేయించమని సలహా ఇచ్చిన మనిషి చేతికి ఆ కుక్క తిరిగి వెళితే, దానిని ఏమి చేస్తారో ఊహించడం కష్టం కాదు. మరో పిల్ల కూడా ఆ తల్లిదండ్రులదే అయితే, ఇదే జబ్బు రాదన్న భరోసా మీకు ఎవరిస్తారు?

రెండో దారి వైపు అసలు చూడవద్దు. ఈనితే కాలు సర్దుకుంటుందన్న దానికి వైద్య ఆధారం లేదు. గర్భం బరువు ఆ కీళ్ల మీదనే పడుతుంది. పశువైద్యుడి ధ్రువీకరణ లేనిదే క్రాసింగ్ చేయించరాదు, ఈ ఎక్స్‌రే చూసిన ఏ బాధ్యతగల డాక్టరూ ఆ ధ్రువీకరణ ఇవ్వరు. పిల్లలను డబ్బుకు అమ్మితే రిజిస్ట్రేషన్ లేని బ్రీడరుగా మీరే నిబంధనల కిందికి వస్తారు. పైగా బ్రీడరు తెలియక అన్నానని చెప్పుకోగలరేమో గాని, ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని, ఆ సంగతి దాచి అమ్మిన మీకు ఆ అవకాశం ఉండదు. ఊరక మౌనంగా ఉండటం ప్రతిసారీ మోసం కాకపోయినా, తెలిసిన సంగతిని కావాలని దాచడాన్ని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 మోసం అనే అంటుంది. మీ కేసుకు కూడా ఇది గొడ్డలిపెట్టు. వ్యాపారం కోసం కొన్నవారిని 2019 చట్టం వినియోగదారుగా లెక్కించదు. ఒక్క ఈత అమ్మినా, మీరు మొదటినుంచీ పిల్లలను అమ్ముకోవడానికే కొన్నారని ప్రతివాది వాదిస్తారు, ఈనగలిగిన కుక్కకు లోపమేమిటని కూడా అడుగుతారు. గర్భసంచి తీయించే ఆపరేషను ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుగారితో మాట్లాడండి. ఆ రసీదు మీరు వ్యాపారానికి కొనలేదనడానికి మంచి సాక్ష్యం కూడా అవుతుంది.

ముందు స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. ఈలోగా ఆయన రాజీకి వచ్చి కొంత సొమ్ము ఇస్తామంటే తీసుకోవచ్చు గాని, "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని రాసి ఉన్న కాగితం మీద, తుంటి ఆపరేషను ఖర్చు ఎంతవుతుందో డాక్టరుగారు అంచనా రాసి ఇచ్చే వరకు సంతకం పెట్టకండి.