స్పీడ్ బ్రేకర్ల విషయంలో వీధి రెండుగా చీలితే: బ్రాడీపేటలో మా అనుభవం

కాలనీలో స్పీడ్ బ్రేకర్లు వేయించాలని కొందరు, వేస్తే ఊరుకునేది లేదని కొందరు పట్టుబట్టి కూర్చున్నారని, ఎటూ తేలడం లేదని మీరు రాశారు. గుంటూరు బ్రాడీపేటలో మా లైనులోనూ ఇదే వివాదం చాలాకాలం నడిచింది. అందులో పాల్గొన్న మనిషిగా నాకు అర్థమైనదేమిటంటే, వద్దనేవారిలో ఎక్కువమందికి వేగం తగ్గించడం మీద అభ్యంతరం లేదు. ఇష్టం వచ్చినట్టు పోసే దిమ్మల మీదే వారి కోపం.

బ్రాడీపేటలో లైన్లను అడ్డరోడ్లు కోస్తూ పోతాయి కనుక కొద్ది దూరానికొక కూడలి వస్తుంది. మా దగ్గర మూల ఇళ్ల ప్రహరీలు రోడ్డు అంచుదాకా ఉండటంతో, పక్క నుంచి వచ్చే బండి మీదికి వచ్చేదాకా కనబడదు. కోచింగ్ సెంటర్లకు వెళ్లే పిల్లల సైకిళ్లు, స్కూలు ఆటోలు, మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి లోపలికి దూరే బైకులు, అన్నీ అక్కడే ఎదురుపడతాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. 30 కిలోమీటర్లయితే సుమారు 8 మీటర్లు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరమైతే, వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. కాబట్టి వేగం తగ్గి తీరాలనే పక్షానే నేను నిలబడ్డాను, ఇప్పటికీ అదే పక్షం.

ఆటో దిగిన బడిపిల్లను బైకు గుద్ది కాలు విరిగినప్పుడు, మా లైను కుర్రవాళ్లు ఆవేశంతో రాత్రికి రాత్రి కాంక్రీటు దిమ్మ పోశారు. అది సన్నగా, ఎత్తుగా ఉండేది. పైన రంగు లేదు, దగ్గరలో దీపం లేదు. స్కూటరు వెనుక కూర్చున్న ఒక పెద్దావిడ అక్కడే కిందపడ్డారు. వాన పడితే నీరు సైడు కాలువలోకి పోక పక్కింటి గేటు ముందు నిలిచేది. రాత్రిపూట ఖాళీ ట్రాలీ ఆటోలు ఎక్కి దిగే చప్పుడుకు ఆ ఇంటివారికి నిద్ర ఉండేది కాదు. చివరకు ఆ ఇంటాయన గడ్డపారతో దాన్ని పగలగొట్టారు, గొడవ ముదిరింది. ఆయనను పిల్లల ప్రాణాలు పట్టనివాడని నిందించడం నాకు చాలా బాధ కలిగించింది.

తరువాత ఒక అపార్టుమెంటు సెల్లారులో అందరం కూర్చున్నాం. ఒక ఇంజనీరు గారు, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 1988లో ప్రకటించిన మార్గదర్శకాలను చదివి వినిపించారు: బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేటట్టు గుండ్రని వాలు, నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, వరుసగా వేయవలసి వస్తే ఒకదానికొకటి 100 నుంచి 120 మీటర్ల ఎడం. నడుము నొప్పితో బాధపడే ఒక రిటైర్డ్ మాస్టారు అప్పటిదాకా గట్టిగా వ్యతిరేకించినవారు. ఇలాంటిదైతే తనకు అభ్యంతరం లేదని ఆయనే అన్నారు.

ఇక మిగిలింది ఎక్కడ వేయాలన్నదే. ఎవరి గేటు ముందూ కాకుండా, కూడలికి కాస్త ముందు, నీటి వాలుకు అడ్డం రాని చోటు చూసుకున్నాం. నగరపాలక సంస్థలో సోమవారం అర్జీ ఇచ్చాం, పని జరగడానికి పదేపదే తిరగవలసి వచ్చింది. మూలల్లో కార్లు నిలపకుండా, దుకాణాల బోర్డులు వెనక్కి జరిగేలా చూసుకోవడం కూడా స్పీడ్ బ్రేకరుతో సమానంగా మేలు చేసిందని నా నమ్మకం.

మీరు కూడా "స్పీడ్ బ్రేకర్లు కావాలి" అని మాత్రమే రాసి ఇవ్వకండి. స్థలాన్ని దగ్గరి కరెంటు స్తంభం నంబరుతో సహా గుర్తించి, ఆ చోటుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లవారి సంతకాలు ముందుగా తీసుకోండి. కొలతలు, చారలు, బోర్డు, వీధి దీపం అర్జీలోనే విడివిడిగా అడగండి; చారల రంగు వెలిసిపోతే మళ్లీ వేయాలన్న సంగతి కూడా అందులోనే చేర్చండి.