ముగ్గురు పిల్లలు, మూడు వయసులు: ఇంటి చదువుకు వారం ఎట్లా మలుచుకోవాలి?

చెల్లె, మీ ఏడేళ్ల పాపను, అయిదేళ్ల బాబును, రెండున్నరేళ్ల చిన్నదాన్ని, ముగ్గురినీ కరీంనగర్‌లో ఇంటికాడనే చదివిస్తున్నానన్నారు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అరగంటకో సబ్జెక్టు రాసి గోడకు అతికిస్తే రెండు రోజులు కూడా నడవలేదని, చిన్నది పుస్తకాలు గుంజుతోందని, అత్తమ్మ "బడికి తోలరాదు బిడ్డా" అంటోందని రాశారు. మాది హన్మకొండ. మా ముగ్గురికీ ఇంచుమించు అంతే ఎడం, కొన్నేళ్లుగా ఇంటి చదువే. మా ఇంట్లో నడుస్తున్నది చెప్తాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

గోడ మీది టైంటేబుల్ తీసేయండి. అది ఒకే వయసు పిల్లలు నలభై మంది ఉన్న తరగతికి సరిపోయేది. మీ ఇంట్లో రోజుకో పెద్ద పని పెట్టుకోండి, ఆ పనిలో ముగ్గురికీ తలా ఒక వంతు ఉండాలి. చదవడం, రాయడం, లెక్కలు మాత్రం ఎవరివి వాళ్లకే, అవీ కొద్దిసేపే. మా పెద్దదానికి ఏడేళ్లప్పుడు ఇరవై నిమిషాలు చాలేవి, నడిపోడికి పది నిమిషాలు. చిన్నది మధ్యాహ్నం పడుకున్నప్పుడు పెద్దదాన్ని కూర్చోబెట్టేదాన్ని. ఆ నిద్రవేళ బంగారం, దాన్ని అంట్లు తోముకోవడానికి ఖర్చు చేయకండి.

మా ఇంట్లో మంగళవారం వంట. సర్వపిండి చేసే రోజు చూడండి. బియ్యప్పిండి కొలవడం నడిపోడి పని. మా నాయనమ్మ కాలం నాటి ఇత్తడి సోల, గిద్ద ఇంకా ఉన్నాయి. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. వాడు పోసి చూసి, నిండిందా లేదా అని గిద్ద గిద్దకూ ఆగేవాడు. ఒక రోజు వాడే "మానికకు ఎన్ని గిద్దలమ్మా?" అనడిగితే, పెద్దది పలక మీద గీతలు గీసి పదహారని తేల్చింది. నేను నోరు విప్పలేదు. నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి, నూనె రాసిన గంజుకు పిండి అద్దినాక, వేలితో చిల్లులు పెట్టడం చిన్నదాని పని. ఆ పని ఎవరికీ ఇవ్వనంటుంది. గంజు పొయ్యి మీదికెక్కేది మాత్రం పిల్లలు దూరం జరిగినాకే. పెద్దది తర్వాత ఆ వంట తీరును తన మాటల్లో రాస్తుంది, అదే ఆ రోజుకు రాత.

బుధవారం బస్సులు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, తెలుగు చదవడం నేర్పడానికి మా ఊరి బస్టాండును మించిన పుస్తకం నాకు దొరకలేదు. ఆర్టీసీ బస్సుల బోర్డులు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ములుగు అని చూపించి "మూడక్షరాలకూ కొమ్మే" అంటే అయిదేళ్ల పిల్లాడు దాన్ని ఎక్కడ కనబడినా పట్టేస్తాడు. పరకాల వాడికి రెండోది, అందులో ఒక్క దీర్ఘమే. జమ్మికుంటలో మకు మ ఒత్తు, నర్సంపేటలో రకు స ఒత్తు, ఇవి పెద్దదానివి. ఒకదాని ఒత్తు అదే అక్షరం, ఇంకోదానిది వేరే అక్షరం అని తనే కనిపెట్టి ఇంటికొచ్చి రెండు వరుసలు రాసింది. చిన్నది ఎర్ర బస్సులు లెక్కపెడుతుంది, మూడు దాటితే మళ్లీ ఒకటి.

గురువారం చేతిపని, బంకమట్టో ముగ్గో పాత చీర ముక్కలో, ఏదైనా సరే. సోమవారం బట్టలు మడత, ఇల్లు సర్దుడు, సాయంత్రం పెద్దవాళ్లతో కథ. శుక్రవారం భద్రకాళి చెరువు కట్ట మీద నడక, అంతే. ఎండాకాలం మా దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది కదా, అప్పుడు బయటి పనులన్నీ పొద్దున ఎనిమిదిలోపే ముగిస్తాం.

శనివారం దూరం పోతాం. ఖిలా వరంగల్‌లో నాలుగు కాకతీయ తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉంటాయి. దిక్కులు పుస్తకంలో నేర్పకండి, అక్కడికి తీసుకుపోండి. పొద్దున మధ్యలో నిలబెట్టి, సూర్యుడి వైపున్న తోరణం ఏదో చూపించమంటే తూర్పు ఎప్పటికీ మరిచిపోరు. పెద్దది అక్కడే కూర్చుని పటం గీస్తుంది, చిన్నది రాళ్లు ఏరుతుంది. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఇదే తోరణం అని చెప్తే ఆ రోజంతా కాగితాల మీద వెతుకుతూనే ఉంటారు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది, మధ్యలో యాభై ఏళ్లు. మా పెద్దది ఈ తీసివేతను నాన్న వయసుతో, తాత వయసుతో పోల్చి చూసుకుంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని దానికి తెలుసు, కానీ దాని మనసుకు పట్టింది ఆ గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయన్న సంగతి.

బతుకమ్మ తొమ్మిది రోజులు ఈ వరుస మొత్తం ఆపేస్తాం. తంగేడు, గునుగు తెచ్చి, రంగులద్ది, వరుస తర్వాత వరుస పేరుస్తుంటే కావలసిన చదువంతా అందులోనే ఉంటుంది.

అత్తమ్మ భయం కొట్టిపారేయాల్సింది కాదు, ఆమె పిల్లల మంచి కోరే అంటోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూస్తుంది, ఆటలతో, పనులతో నేర్పమంటుంది అని చెప్పండి. మీ పెద్దపిల్లలిద్దరూ ఆ దశలోనే ఉన్నారు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. ఇంటి చదువును ఒప్పుకుంటూ గానీ కాదంటూ గానీ విడిగా చట్టం లేదు. పద్నాలుగేళ్లు నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లోనో, జాతీయ ఓపెన్ స్కూల్‌లోనో పదో తరగతి పరీక్ష రాయించవచ్చు. ఈ దారి ఉందని తెలిసినాక మా అత్తమ్మ నెమ్మదించింది. ఇప్పుడు సోమవారం సాయంత్రం కథ ఆమెదే, ఆ గంటలో నేను లోపలికి కూడా పోను.

అన్ని రోజులూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం వంట రోజు ఒక్కటే పెట్టుకోండి, మిగతా రోజులు ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి. పిల్లలు "ఈ రోజు ఏం చేద్దాం" అని పొద్దున్నే అడగడం మొదలుపెట్టినాక రెండోది కలపండి. చిన్నదానికి ప్రతి పనిలోనూ ఏదో ఒకటి చేతికివ్వడం మరవకండి, అది పుస్తకాలు గుంజేది తన వంతు ఏదీ లేకనే.