టెక్ సందేహాలు: రీస్టార్ట్ చేస్తే బాగవుతోంది, కాసేపటికి మళ్లీ అదే ఎర్రర్!

ప్రశ్న: పైథాన్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ (పైథాన్ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో టికెట్ బుకింగ్ సైట్ చేశాను. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. సర్వర్ మీద మాత్రం జనం పెరగగానే ‘క్యూపూల్ లిమిట్’ అంటూ ఎర్రర్ వస్తోంది. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. పూల్ సైజు పెంచేస్తే సరిపోతుందా? బుకింగ్ ఫంక్షన్ కోడ్ కూడా పంపుతున్నాను.

జవాబు: ఇప్పుడే పెంచకండి. పూల్ అంటే డేటాబేస్‌కి తెరిచి ఉంచుకుని, మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపు. మీరేమీ మార్చకపోతే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ పూల్‌లో 5 కనెక్షన్లు ఉంటాయి, రద్దీ ఉంటే ఇంకో 10 తెరుస్తుంది. ఆ 15 కూడా వాడకంలో ఉంటే, తర్వాత వచ్చిన రిక్వెస్టు 30 సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తుంది. పైగా ఈ లెక్క ఒక్కో ప్రాసెస్‌కి విడివిడిగా వర్తిస్తుంది. 8 వర్కర్లు (అంటే 8 ప్రాసెస్‌లు) నడుపుతుంటే 120 కనెక్షన్ల దాకా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100. అంటే పూల్ పెంచితే ఎర్రర్ పోదు, డేటాబేస్ వైపు నుంచి వస్తుంది, అంతే.

రీస్టార్ట్‌తో బాగవుతోందంటే, తీసుకున్న కనెక్షన్లు వెనక్కి రావడం లేదు, లేదా బాగా ఆలస్యంగా వస్తున్నాయి. ఈసారి ఎర్రర్ వచ్చినప్పుడు రీస్టార్ట్ చేసే ముందు పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ_స్టాట్_యాక్టివిటీ’ చూడండి. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పట్టిక అది. స్టేట్ కాలమ్‌లో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని ఉన్న వరుసలే మీక్కావాలి. ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ఖరారయ్యే, లేదా రోల్‌బ్యాక్‌తో రద్దయ్యే పనుల కట్ట) తెరిచి, ఏ పనీ చేయకుండా కూర్చున్న కనెక్షన్లవి. పక్కనే క్వెరీ కాలమ్‌లో వాటిలో చివరగా నడిచిన క్వెరీ ఉంటుంది. మీ కోడ్‌లో ఆ క్వెరీ దొరికిందంటే, దాని కింది లైన్లలోనే తప్పు పట్టుకోవచ్చు.

మీరు పంపిన ఫంక్షన్‌లో అది నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. సీటు వరుసను లాక్ చేస్తున్నారు, వెంటనే పేమెంట్ గేట్‌వేని పిలుస్తున్నారు, జవాబు వచ్చాకే కమిట్ చేస్తున్నారు. గేట్‌వే 10 సెకన్లు తీసుకుంటే మీ కనెక్షన్, సీటు లాక్ రెండూ ఆ 10 సెకన్లూ ఇరుక్కుంటాయి. ఆ సీటు కోసం వచ్చిన ఇంకో రిక్వెస్టు కూడా తన కనెక్షన్ పట్టుకుని లాక్ కోసం ఆగుతుంది. పూల్ ఖాళీ అవడానికి పెద్ద ట్రాఫిక్కే అక్కర్లేదు.

ఈ పనిని మూడు ముక్కలు చేయండి. ముందు చిన్న ట్రాన్సాక్షన్‌లో సీటును ‘హోల్డ్’ అని మార్చి, గడువు సమయం, ఆర్డర్ నంబర్ రాసి కమిట్ చేసేయండి. ఆ తర్వాత, ఏ ట్రాన్సాక్షనూ తెరిచి లేనప్పుడు, గేట్‌వేని పిలవండి. జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో సీటు ఖరారు చేయండి, లేదా వదిలేయండి. డబ్బు కట్ అయ్యాక మీ సర్వర్ పడిపోతే? అందుకే ఆర్డర్ నంబర్ ముందే రాయమన్నాను. గడువు దాటిన హోల్డ్‌ను వదిలే ముందు అదే నంబర్‌తో గేట్‌వేని అడిగి తేల్చుకోవచ్చు. ఈ ఒక్క జాగ్రత్త మాత్రం వదలకండి, అవతల ఉన్నది ఒకరి డబ్బు.

ఇంకో విషయం. ‘నేను డేటా చదవడమే కదా చేశాను’ అని చాలామంది అనుకుంటారు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో సెలెక్ట్ నడిపినా ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. కమిట్, రోల్‌బ్యాక్, క్లోజ్‌లలో ఏదో ఒకటి జరిగేదాకా కనెక్షన్ మీ సెషన్ దగ్గరే ఉంటుంది. గ్లోబల్ సెషన్ ఒకటి పెట్టుకుని అందరికీ వాడొద్దు. రిక్వెస్టుకో సెషన్, అదీ ‘విత్’ బ్లాక్‌లో తెరవండి. మధ్యలో ఎర్రర్ వచ్చినా దానంతటదే మూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి ‘ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్’ అనే సెట్టింగ్ ఉంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. 30 సెకన్లు పెట్టుకుంటే, మీ కళ్లుగప్పిన కనెక్షన్లను డేటాబేసే తెంచేస్తుంది.

ప్రశ్న: స్టాక్ ఉందో లేదో చూసి, ఉంటేనే ఒకటి తగ్గిస్తున్నాను. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంది. అయినా పోస్ట్‌గ్రెస్‌లో స్టాక్ -1 అయింది. ఎలా?

జవాబు: ట్రాన్సాక్షన్‌లో పెట్టినంత మాత్రాన రిక్వెస్టులు ఒకదాని తర్వాత ఒకటి నడవవు. ట్రాన్సాక్షన్లను ఒకదాన్నుంచి ఒకటి ఎంత విడిగా ఉంచాలన్న విషయంలో పోస్ట్‌గ్రెస్ మామూలు స్థాయి ‘రీడ్ కమిటెడ్’, అంటే కమిట్ అయిన డేటానే చదువుతుంది. ఇద్దరూ ఒకేసారి చదివితే ఇద్దరికీ 1 అనే కనిపిస్తుంది, ఇద్దరూ తగ్గిస్తారు. చూడటం, తగ్గించడం ఒకే అప్‌డేట్‌లో పెట్టండి: స్టాక్ 0 కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు అని. ఎన్ని వరుసలు మారాయో చూడండి, 0 వస్తే సరుకు అయిపోయినట్టే. మధ్యలో ఇంకా లెక్కలు వేయాల్సి ఉంటే, చదివేటప్పుడే వరుసను లాక్ చేసే ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’ వాడండి. స్టాక్ సున్నా కంటే తగ్గకూడదని టేబుల్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్ కూడా పెట్టండి. రేపు ఇంకెవరైనా ఈ కోడ్ మార్చినా డేటా పాడవదు.

ప్రశ్న: మాది మైఎస్‌క్యూఎల్. రోజూ పొద్దున మొదటి రిక్వెస్టుకే ‘సర్వర్ హాజ్ గాన్ అవే’ అని వస్తోంది.

జవాబు: 28,800 సెకన్లు, అంటే 8 గంటలు వాడకుండా ఉన్న కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ మామూలుగా మూసేస్తుంది. ఆ సంగతి మీ పూల్‌కి తెలియదు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అయితే ‘పూల్_ప్రీ_పింగ్’ ఆన్ చేయండి. కనెక్షన్ ఇచ్చే ముందు పనిచేస్తోందో లేదో చూసి, లేకపోతే కొత్తది తెరుస్తుంది. మీ హోస్టింగ్‌లో ఆ గడువు (‘వెయిట్_టైమౌట్’ సెట్టింగ్) ఇంకా తక్కువ పెట్టి ఉంటే, పాత కనెక్షన్‌ను ఎన్ని సెకన్లకు మార్చాలో చెప్పే ‘పూల్_రీసైకిల్’ను దానికన్నా తక్కువకు మార్చుకోండి.