మంచినీటి రొయ్యలో పోషకాలు ఎన్ని? కొలెస్ట్రాల్ భయం ఎంతవరకు నిజం?

సందేహం: నేను మంచినీటి చెరువులో నీలకంఠ రొయ్యలు పెంచుతున్నాను. పట్టుబడి రోజున కొంత సరుకును గట్టు మీదే నేరుగా ఇళ్లవారికి అమ్ముతాను. కొనడానికి వచ్చేవారు రొయ్య తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందని, సముద్రపు రొయ్యలో ఉన్న బలం మంచినీటి రొయ్యలో ఉండదని అంటున్నారు. తలలోని పసుపు రంగు ముద్ద తినవచ్చా అని కొందరు అడుగుతున్నారు. వీరికి నేను ఏం చెప్పాలి? నేను వేసే మేత వల్ల, పట్టే పద్ధతి వల్ల రొయ్యలోని పోషకాలు మారతాయా?

సమాధానం: తాను పండించిన ఆహారం గురించి కొనేవారికి సరైన సమాచారం చెప్పాలని మీరు అనుకోవడం ఎంతో మంచి విషయం. ముందుగా మాంసకృత్తుల సంగతి చూద్దాం, ఎందుకంటే రొయ్యను మంచి ఆహారం అనడానికి మొదటి కారణం అవే. తల, పొట్టు తీసిన 100 గ్రాముల పచ్చి కండలో సుమారు 76 నుంచి 79 గ్రాముల వరకు నీరే ఉంటుంది. మిగిలిన దానిలో 18 నుంచి 20 గ్రాములు మాంసకృత్తులు, 1 నుంచి 2 గ్రాములు కొవ్వు, కొద్దిగా ఖనిజ లవణాలు ఉంటాయి. పిండి పదార్థం దాదాపు లేనట్టే. అందువల్ల 100 గ్రాముల కండ నుంచి వచ్చే శక్తి 85 నుంచి 100 కిలో కేలరీలకు మించదు. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అత్యవసర అమైనో ఆమ్లాలన్నీ ఈ మాంసకృత్తులలో ఉంటాయి, వాటిలోనూ లైసిన్ పుష్కలంగా ఉంటుంది. ధాన్యాలలో కొరతగా ఉండేది ఈ లైసినే కాబట్టి, ధాన్యం ప్రధాన ఆహారంగా ఉన్నవారి భోజనంలో కొద్దిపాటి రొయ్య కండ చేరినా ఆ లోటు చాలావరకు తీరుతుంది. కండలో గట్టి పీచు కణజాలం తక్కువగా ఉండటం వల్ల ఇది సులువుగా జీర్ణమవుతుంది కూడా.

అయితే కొనేవారికి ఒక లెక్క విడమరిచి చెప్పండి. నీలకంఠ రొయ్యకు తల పెద్దది. తల తీసేస్తే మిగిలే తోక భాగం మొత్తం బరువులో సగం కంటే తక్కువగానే ఉంటుంది. పొడవాటి నీలి కాళ్లున్న పెద్ద మగ రొయ్యల్లో అది ఇంకా తగ్గుతుంది. 100 గ్రాముల తినదగిన కండ కావాలంటే సుమారు పావు కిలో నిండు రొయ్య కొనవలసి వస్తుంది. చూపుకు భారీగా కనిపించే మగ రొయ్య కంటే మధ్యస్థ పరిమాణంలోని రొయ్యల్లోనే బరువుకు తగ్గ కండ ఎక్కువగా వస్తుందని నేను ఎవరికైనా చెబుతాను.

కొలెస్ట్రాల్ విషయంలో భయపడేవారి మాటను కొట్టిపారేయవద్దు, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. 100 గ్రాముల రొయ్య కండలో సుమారు 130 నుంచి 180 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది, అంటే దాదాపు ఒక కోడిగుడ్డులో ఉండేంత. అది అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే మీ మేత ప్రశ్నకు కూడా కొంత జవాబు దొరుకుతుంది. మన శరీరం కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారు చేసుకోగలదు కానీ, రొయ్యకు ఆ శక్తి లేదు. మేత ద్వారానే పొందాలి. గుల్ల విడవడానికి కావలసిన హార్మోను దాని నుంచే తయారవుతుంది, ప్రతి కణపు పొరలోనూ అది ఉండాలి. కాబట్టి రొయ్య కండలోని కొలెస్ట్రాల్ పేరుకున్న కొవ్వు ముద్ద కాదు, కణాల నిర్మాణంలో భాగం. తక్కువ కొవ్వున్న కండలో కూడా కొలెస్ట్రాల్ అంత ఉండటానికి కారణం ఇదే.

ఇక రెండో సగం. తినేవారి రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరగడానికి ఆహారంలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వులే ఎక్కువగా కారణమవుతాయి, అవి రొయ్య కండలో 100 గ్రాములకు సాధారణంగా అర గ్రాముకు లోపే ఉంటాయి. 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, కొలెస్ట్రాల్ మామూలు స్థాయిలో ఉన్నవారికి రోజుకు 300 గ్రాముల చొప్పున రొయ్యలు పెట్టి చూశారు. కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్న ఆహారం తిన్నప్పటితో పోలిస్తే వారిలో చెడు కొలెస్ట్రాల్ సుమారు 7 శాతం, మంచి కొలెస్ట్రాల్ సుమారు 12 శాతం పెరిగాయి, ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం రక్తపు కొవ్వులు సుమారు 13 శాతం తగ్గాయి. అమెరికా ప్రభుత్వం 2015-2020 కాలానికి ఇచ్చిన ఆహార మార్గదర్శకాలలో, అంతకుముందు ఉన్న రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ పరిమితిని తొలగించారు. ఇంత మాత్రాన ఎవరు ఎంతైనా తినవచ్చని అర్థం కాదు. మధుమేహం, గుండె జబ్బు, వంశపారంపర్యంగా అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు తమ వైద్యుడు చెప్పిన మేరకే తినాలి. ఈ మాట మీ నోటి నుంచే వస్తే కొనేవారికి మీపై నమ్మకం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు మాత్రం రొయ్య కంటే దానిని వేయించే నూనె గురించి జాగ్రత్త పడటం మేలు. ఆవిరిపై ఉడికించిన కండలో 1, 2 గ్రాములుండే కొవ్వు, నూనెలో బాగా వేగాక ఎన్నో రెట్లు పెరుగుతుంది.

సముద్రపు రొయ్యతో పోలిక గురించి అడిగారు. మాంసకృత్తుల పరిమాణంలో, నాణ్యతలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఉన్నది ఇతర అంశాలలో. సముద్రపు రొయ్యలో సాధారణంగా అయోడిన్ ఎక్కువగా ఉంటుంది, ఉప్పునీటిని తట్టుకోవడానికి కండలో గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను ఎక్కువగా నిల్వ చేసుకుంటుంది కాబట్టి రుచి కాస్త గాఢంగా ఉంటుంది. మంచినీటి రొయ్యలో సహజంగా ఉప్పు శాతం తక్కువ, కండ మృదువు. ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు రెండింటిలోనూ ఉన్నా, మొత్తం కొవ్వే తక్కువ కాబట్టి కొవ్వు ఎక్కువగా ఉండే చేపలతో పోటీ పడే స్థాయిలో ఉండవు. మీ మేత ప్రభావం స్పష్టంగా కనిపించేది ఇక్కడే. మేతలోని నూనె స్వభావం కండలోని కొవ్వులో చాలావరకు ప్రతిఫలిస్తుంది. చేప నూనెకు బదులు పూర్తిగా వృక్ష సంబంధ నూనెలు వాడిన మేత వేస్తే కండలో లినోలీక్ ఆమ్లం (ఒమేగా-6 రకం కొవ్వు ఆమ్లం) పెరిగి, ఒమేగా-3 వాటా తగ్గుతుంది. మాంసకృత్తుల శాతం మాత్రం మేతతో అంత సులభంగా మారదు.

సూక్ష్మ పోషకాలలో విటమిన్ బి12, సెలీనియం, జింక్, భాస్వరం, రాగి చెప్పుకోదగ్గవి. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోసయనిన్‌లో ఇనుముకు బదులు రాగి ఉంటుంది. రొయ్యలో రాగి ఎక్కువగా ఉండటానికి, ఇనుము తక్కువగా ఉండటానికి అదొక కారణం. కాబట్టి రొయ్య తింటే రక్తహీనత పోతుందని ఎవరికీ చెప్పవద్దు. కాల్షియం కూడా ప్రధానంగా పొట్టులోనే ఉంటుంది, కండలో కొద్దిగానే.

తలలోని పసుపు, నారింజ రంగుల మెత్తటి ముద్ద హెపటోపాంక్రియాస్ అనే గ్రంథి. కాలేయం, క్లోమం చేసే పనులను రొయ్యలో ఇదొక్కటే చేస్తుంది. కొవ్వును, కొలెస్ట్రాల్‌ను నిల్వ చేసుకునేది, నీటిలో, మేతలో కాడ్మియం వంటి భార లోహాలుంటే వాటిని పోగుచేసుకునేది కూడా ఇదే. ఎప్పుడైనా కొద్దిగా తింటే ప్రమాదమని నేను అనను కానీ, తరచుగా తినవద్దని, పిల్లలకు, గర్భిణులకు పెట్టవద్దని నా సలహా.

ఇదే గ్రంథి మీ పట్టుబడి పద్ధతికీ సంబంధించినది. రొయ్య చనిపోయిన వెంటనే ఈ గ్రంథిలోని జీర్ణ ఎంజైములు పక్కనున్న కండలోకి చేరి దానిని కరిగించడం మొదలుపెడతాయి. తలకు ఆనుకుని ఉన్న మొదటి కణుపు దగ్గర కండను వేలితో నొక్కి చూడండి. తాజా రొయ్యలో అది గట్టిగా ఉండి వేలు తీయగానే మామూలు స్థితికి వస్తుంది, ఆలస్యమైన సరుకులో అక్కడ గుంట పడి, కండ పిండిలా విడిపోతుంది. తోక చివర ఇంకా గట్టిగా ఉన్నప్పుడే ఇక్కడ ఈ మార్పు కనిపిస్తుంది. మంచినీటి రొయ్యలో ఈ లోపం ఎక్కువ. అందుకే వలలోంచి తీసిన రొయ్యలను ఎండలో గట్టు మీద కుప్ప పోయకుండా, ఐసు, నీరు సమానంగా కలిపిన తొట్టెలో వెంటనే ముంచి చంపాలి. ఆ తర్వాత శుభ్రమైన నీటితో కడిగి, నిల్వ చేయదలిస్తే తల తీసి, ఐసు పొరల మధ్య సర్దాలి. పెట్టె అడుగున రంధ్రాలుండి కరిగిన నీరు బయటికి పోయేలా చూడండి. ఆ నీటిలో గంటల తరబడి నానితే నీటిలో కరిగే మాంసకృత్తులు, బి విటమిన్లు, రుచినిచ్చే అమైనో ఆమ్లాలు బయటికి పోతాయి.

అప్పుడే గుల్ల విడిచిన మెత్తటి రొయ్యలను వీలైనంతవరకు తిరిగి చెరువులోకి వదలండి. గుల్ల విడిచే సమయంలో రొయ్య నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి, ఆ బరువులో నీటి వాటా ఎక్కువ, కండ వాటా తక్కువ. నీటి బరువు పెంచడానికి ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టే పని మీరు ఎన్నడూ చేయవద్దు. దాని వల్ల మాంసకృత్తుల శాతం తగ్గి, ఉప్పు శాతం పెరుగుతుంది. నల్ల మచ్చలు రాకుండా కొందరు వాడే సల్ఫైట్లు ఆస్తమా ఉన్నవారికి హాని చేయగలవు. ఐసు సక్రమంగా వాడి, ఆలస్యం లేకుండా అమ్మే మీకు ఈ రెండింటి అవసరమే రాదు.

చివరిగా, అమ్మేటప్పుడు మూడు హెచ్చరికలు తప్పకుండా చెప్పండి. రొయ్య పడనివారికి ఎంత ఉడికించినా పడదు, ఎందుకంటే అలర్జీకి ప్రధాన కారణమైన ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి నశించదు. ఒకసారి దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చినవారు మళ్లీ రుచి చూడకూడదు. గౌట్ అనే కీళ్ల జబ్బు, మూత్రపిండాల సమస్య ఉన్నవారు వైద్యుడిని అడిగాకే తినాలి. మంచినీటి రొయ్యలను పచ్చిగా, సగం ఉడికించి తింటే ఎలుకల ఊపిరితిత్తి పురుగు వంటి పరాన్నజీవులు మనిషికి సోకే ప్రమాదం ఉంది. అందువల్ల గాజులా పారదర్శకంగా ఉండే కండ లోపలి వరకు తెల్లగా మారేదాకా, అంటే కండ మధ్యభాగం కనీసం 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా ఉడికించమనండి. అంతకు మించి చాలాసేపు ఉడికిస్తే నీరంతా పోయి కండ రబ్బరులా సాగుతుంది.