తుపాకీ ఎందుకు ఉంచుకుంటారంటే... మా ఇంట్లో నలభై ఎనిమిదేళ్లున్న దాని సంగతి

ప్రశ్న: "మాది విజయనగరం. నాన్నగారు రైస్ మిల్లు నడుపుతారు. ఎవరితోనూ గొడవల్లేవు, బెదిరింపుల్లేవు. అయినా రివాల్వర్ లైసెన్సుకి పెట్టుకుంటానంటున్నారు. అసలు మనుషులు తుపాకీ ఎందుకు ఉంచుకుంటారు? భయమా, హోదానా?"

రెండూనండి. కాకపోతే ఏది ముందొస్తుంది, ఏది చివరిదాకా ఉండిపోతుంది అన్నదే తమాషా. తుపాకీ ఉన్న ఇంట్లో పుట్టి పెరిగాను కాబట్టి చూసింది చెప్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మందస దగ్గర పల్లె. తాతయ్యకి ఆరెకరాల జీడితోట, కొంచెం కొబ్బరి, వాటితోపాటు చిన్నపాటి వడ్డీ వ్యాపారం ఉండేవి. 1971లో పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నాడు. కాగితం మీద కారణం పంట రక్షణ. తోటల్లోకి అడవిపందులూ ఎలుగుబంట్లూ వచ్చే మాట నిజమే. కానీ మామ్మ ఆ కారణాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. "పందులకేటి, మీ తాత పుట్టకముందు నుంచీ వస్తన్నాయి. నక్సలైట్ల గొడవలప్పుడు ఆయనకి నిద్దర పట్టీది కాదు. అదీ సంగతి" అనేది.

ఆ గొడవల సంగతి మీ వైపు వాళ్లకీ తెలిసిందే. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం భగ్గుమన్నది ఆ తర్వాతే. దాని సెగ ఉద్దానానికీ తగిలింది. అప్పులిచ్చినవాళ్లు, పొలాలున్నవాళ్లు చీకటి పడితే తలుపులు వేసుకునేవారు. తాతయ్య పెద్ద భూస్వామేమీ కాదు. కానీ నోట్లు రాయించుకున్నవాడు కదా, భయం ఉండే ఉంటుంది. 1970 జులైలో ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించారు, ఉద్యమం చాలావరకు చల్లబడింది. తాతయ్య చేతికి తుపాకీ వచ్చేసరికి, దేనికోసం తెచ్చుకున్నాడో ఆ భయం సగం పోయింది. తుపాకీ మాత్రం ఉండిపోయింది.

మీ ప్రశ్నకి జవాబు ఎక్కువగా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. తెచ్చుకునేటప్పటి కారణం ఒకటి, తీసెయ్యలేకపోవడానికి కారణం ఇంకొకటి.

నాకు ఊహ తెలిసేసరికి అది ముందుగదిలో రెండు మేకుల మీద ఉండేది. దసరాకి దించి, నూనెగుడ్డతో తుడిచి, కర్ర భాగానికి పసుపు రాసి, గొట్టం మీద మూడు కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. పక్కనే కొడవళ్లు, గునపం, కొబ్బరికాయలు ఒలిచే ఇనపగూటం. అన్నింటికీ ఒకే హారతి. ఆ రోజు ఊళ్లో నలుగురైదుగురు పెద్దమనుషులు కావాలనే మా ఇంటికి వచ్చేవాళ్లు. చూసి, "ఇంకా పని చేస్తందా బావూ?" అని అడిగేవాళ్లు. తాతయ్య జవాబు చెప్పకుండా మీసం కింద నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే అది ఇంట్లో ఉండేదని నా అనుమానం. మామ్మ లెక్క ప్రకారం ఆయన జీవితం మొత్తంలో అది మూడుసార్లే పేలింది. మూడుసార్లూ గాల్లోకే. అయినా మా గట్టు జరపడానికి ఎవరూ సాహసించలేదు, పంచాయితీల్లో తాతయ్య మాటకి కొంచెం బరువు ఎక్కువ. తుపాకీ చేసే పని పేలడం కాదు, ఉందని నలుగురికీ తెలియడం.

ఈ హోదా మన ఊహల్లో పుట్టింది కూడా కాదు. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి, మనవాళ్లెవరూ లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదంది. యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. దాంతో లైసెన్సు చేతిలో ఉందంటే సర్కారు నమ్మిన మనిషి అని అర్థం వచ్చేసింది. 1959లో కొత్త చట్టం వచ్చింది, ఆ అర్థం మాత్రం పోలేదు. ఇప్పటికీ మన దగ్గర నాయకుడి స్థాయిని వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ అని గన్‌మెన్ లెక్కలో చెప్పుకుంటాం. గన్‌మెన్‌ని తీసేస్తే ప్రాణానికి ముప్పు అన్న బాధ కంటే, పెళ్లికెళ్తే వెనకాల ఎవరూ లేరే అన్న బాధే ఎక్కువేమో!

ఇందులో మగతనం సంగతి ఒకటుంది, అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. దసరా రోజు మా అన్నయ్యలిద్దరూ తుపాకీని ఎత్తి చూసేవాళ్లు. నేను చెయ్యి చాపితే "ఆడగుంటవి, నీకెందుకే" అనేవాళ్లు. పొలం పనిలో, జీడిపిక్కలు ఏరడంలో లేని తేడా ఆ ఒక్క వస్తువు దగ్గర వచ్చేది. తాతయ్య పోయాక లైసెన్సు ఎవరి పేర మార్చాలన్న చర్చలో కూడా అత్తయ్యల్ని ఎవరూ అడగలేదు. చిన్నాన్న పేరు మీదకి వచ్చింది.

అందరిదీ హోదా వ్యవహారమే అనను. మా జిల్లాలో మిలట్రీకి వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువ. రిటైరయ్యాక సొంత తుపాకీ, లైసెన్సు ఉంటే బ్యాంకులో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం దొరకడం తేలిక. అలాంటివాళ్లకి అది బతుకుతెరువు, డ్రైవర్‌కి లైసెన్సు లాంటిదే. పంట కాపలా మాటకొస్తే, 2022 జూన్‌లో మా పక్క వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి ఒక మనిషిని చంపి మరికొందరిని చీల్చింది. ఆ వారమంతా తోటకెళ్లాలంటే నాకే కాళ్లు ఆడలేదు. కానీ తోటలోకొచ్చిందని ఎలుగుని కాలిస్తే వన్యప్రాణి చట్టం కింద జైలే.

అమెరికాలో ఉన్న మా పెద్దన్నయ్య కూడా పిస్టల్ కొన్నాడు. టెక్సస్. ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక అదే రోజు ఇంటికి తెచ్చుకున్నాడట. ఎందుకురా అంటే "ఇక్కడ అందరి దగ్గరా ఉంటుంది, మన దగ్గర లేకపోతే ఎలా" అన్నాడు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2023లో అడిగితే, తుపాకీ ఉన్న అమెరికన్లలో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమన్నారు. 1999 నాటి సర్వేలో వేట కోసమన్నవాళ్లు 49 శాతం, రక్షణ కోసమన్నవాళ్లు 26 శాతమే. వేటకి కొన్న తుపాకీ సీజన్ అయ్యాక అటకెక్కుతుంది. భయానికి కొన్నది మంచం పక్కకి చేరుతుంది. పక్కింట్లో ఉందని మనం, మనింట్లో ఉందని పక్కవాళ్లు కొనుక్కుంటూ పోతే ఇక దానికి అంతెక్కడ?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా మీద నుంచే పోయింది. తెల్లారేసరికి మా జీడిచెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. కొబ్బరిచెట్లు కొన్ని మధ్యకి విరిగిపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, చిన్నాన్నకి అప్పటికే యాభై దాటాయి. నెల రోజులు అరుగు మీద కూర్చుని పడిపోయిన తోట వైపు చూస్తూ ఉండేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు, కలిపిన అన్నం కంచంలోనే వదిలేసేవాడు.

నేను ఊరెళ్లినప్పుడు మామ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, చోళ్ల డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టించింది. అడుగున గుడ్డమూట. లోపల ఆరు తూటాలు. ఎప్పటివో, చెమ్మకి అట్ట ఉబ్బి, ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. పేలతాయో లేదో కూడా తెలీదు. తుపాను వెళ్లిన మూడోరోజే వాటిని బీరువాలోంచి తీసి దాచేసిందట. ఎనభై దాటిన మనిషి, చదువు రాదు, మనస్తత్వ శాస్త్రమన్న మాటే వినలేదు.

"చిన్నాన్న అడిగాడా?"

"ఒకసారి అడిగినాడు. ఎలక పట్టుకెళ్లిపోనాదేమో అన్నాను."

అంతకుమించి నేనూ అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడో చదివాను, 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసమని తెచ్చుకున్నది ఇంటి మనిషినే తీసుకెళ్తుంది. మనసు విరిగే క్షణం చాలామందికి గడిచిపోతుంది, కానీ ఆ క్షణంలో చేతికి ఏం అందుతుందన్నదే తేడా. మామ్మ చేసిన పని అందకుండా చెయ్యడం, అంతే.

2019 ఎన్నికలప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లంతా ఆయుధాలు స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలని కబురొచ్చింది. ప్రతి ఎన్నికకీ ఉండేదే. చిన్నాన్న ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. ఎన్నికలు అయ్యాయి, ఫలితాలు వచ్చాయి, తీసుకెళ్లమన్నారు. వెళ్లలేదు. అప్పటికి మనిషి కొంచెం తేరుకుని కొత్త మొక్కలు కూడా పెట్టాడు. చివరికి లైసెన్సే వద్దని రాసిచ్చేశాడు. అది జరిగినన్నాళ్లూ టీ దుకాణం దగ్గర "ఏటి బావూ, తుపాకీ అమ్మీసినారేటి?" అని అడిగినవాళ్లకి జవాబు చెప్పలేక ఆ దారి మానేశాడు. ముప్పు పోయినా, పరువు పోయినట్టు అనిపించడం చూశారా! దసరాకి ఆ పెద్దమనుషులు రావడం కూడా మానేశారు.

మీ నాన్నగారి విషయంలో హడావుడిగా వద్దనకండి. వద్దంటే పంతం పెరుగుతుంది. మిల్లులో రాత్రిపూట డబ్బు ఉంటుందేమో, ఆయనకి మీతో చెప్పని భయం ఏదైనా ఉందేమో ముందు అడగండి. ఉంటే సీసీ కెమెరాలు, కాపలా మనిషి, డబ్బు ఏ రోజుకారోజు బ్యాంకులో కట్టెయ్యడం లాంటివి ముందు చూడండి. స్నేహితులెవరో పెట్టుకున్నారని అయితే, అది వేరే మాట. అప్లై చేస్తే కలెక్టరాఫీసు, పోలీసు విచారణ, ట్రైనింగ్ సర్టిఫికెట్, తాళంలో భద్రపరుస్తామన్న హామీ, ఇవన్నీ ఉంటాయి. ఆ హామీ కాగితం నింపే రోజు పక్కన కూర్చుని అడగండి: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన మనసు బాగోలేని రోజు దాన్ని ఎవరు దాస్తారు? మా ఇంట్లో మామ్మ ఉంది కాబట్టి సరిపోయింది.