ల్యాబ్ వద్దు, కంప్యూటర్‌లో కెమిస్ట్రీ చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో బీఎస్సీ ఫైనలియర్ చదువుతోంది. వెలుగు పడితే జరిగే రసాయన చర్యలను కంప్యూటర్‌లో లెక్కించే క్వాంటమ్ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తానంటోంది. ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. – ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ పనేమిటో చూడండి. మన కంట్లో రెటినాల్ అనే అణువు ఉంటుంది. వెలుగు తగలగానే దాని వంపు దాదాపు 200 ఫెమ్టోసెకన్లలో విడిపోతుంది. చూపు మొదలయ్యేది అక్కడే. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకను! ఆ కదలికను శాస్త్రవేత్త ఆరీ వార్షెల్ 1976లోనే కంప్యూటర్‌లో లెక్కగట్టారు. 2013 కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

సాఫ్ట్‌వేర్ వస్తే చాలదండీ. అణువు ఏ వెలుగును పీల్చుకుంటుందో టీడీ-డీఎఫ్‌టీ అనే లెక్కల పద్ధతి చాలావరకు చెప్పేస్తుంది. కానీ ఉత్తేజిత స్థితి (వెలుగు పీల్చుకున్నాక అణువు ఉండే స్థితి), గ్రౌండ్ స్టేట్ (మామూలుగా ఉండే స్థితి) శక్తులు కలిసే కోనికల్ ఇంటర్‌సెక్షన్ అనే చోట మామూలు టీడీ-డీఎఫ్‌టీ చేతులెత్తేస్తుంది. ఇలాంటి చర్యల్లో అసలు కథ చాలాసార్లు నడిచేది అక్కడే. అందుకే అక్కడ కూడా పనిచేసే సీఏఎస్‌ఎస్‌సీఎఫ్ లాంటి పద్ధతులు వాడతారు. వాటిలో ఏ ఆర్బిటాళ్లు (అణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) లెక్కలోకి తీసుకోవాలో మనిషే తేల్చుకోవాలి. తప్పువి ఇచ్చినా కంప్యూటర్ ఏదో ఒక అంకె చూపిస్తుంది. అది నమ్మదగిందో కాదో పట్టుకోగలగడమే ఈ చదువు.

ఇష్టం నిజమో కాదో ఇంట్లోనే తేలుతుంది. ఈ లెక్కలు చేసే ఓర్కా అనే ప్రోగ్రామ్ చదువు అవసరాలకు ఉచితం. ఫార్మాల్డిహైడ్ అనే చిన్న అణువు మొదటి ఉత్తేజిత స్థితి శక్తిని లెక్కించమనండి. సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు (శక్తికి ఓ కొలమానం) రావాలి. పద్ధతి మార్చి, అంకె ఎందుకు మారిందో వెతుక్కుంటూ కూర్చుంటే ఆమె ఈ దారికి పనికొస్తుంది. విసుగొస్తే అదీ ఇప్పుడే తెలియడం నయం.

దారి మాత్రం పొడవు: ఎమ్మెస్సీ, ఆపై పీహెచ్‌డీ. ఐఐటీలకు, ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ అనే పరీక్ష. సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అదనం.

ఇక ఉద్యోగం. అచ్చంగా ఫొటోకెమిస్ట్రీ (వెలుగుతో జరిగే రసాయన చర్యల) లెక్కలకే మనిషిని తీసుకునే కంపెనీలు తక్కువే, దాచను. ఎక్కువమంది అధ్యాపకులు, పరిశోధకులు అవుతారు. కొందరు ఫార్మాలోనో మెటీరియల్స్ రంగంలోనో మోడలింగ్ వైపు, పైథాన్ కోడింగ్ బాగా వచ్చినవాళ్లు డేటా సైన్స్ వైపు వెళ్తారు. కాబట్టి కోడింగ్ ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి.

ఖరీదైన ల్యాప్‌టాప్ అడిగితే కొనకండి. ఫార్మాల్డిహైడ్‌కు ఇంట్లో ఉన్నది చాలు. పెద్ద లెక్కలు ఎలాగూ సంస్థల కంప్యూటర్ క్లస్టర్ల మీదే నడుస్తాయి.