వార్డు ఆఫీసు వినకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నగరపాలక సేవల గురించి అడిగినవే ఎక్కువ. రాసినవారంతా బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు. ఫిర్యాదు ఇవ్వడం వరకు అందరికీ తెలుసు. ఇచ్చిన ఫిర్యాదు గోడకు చెప్పుకున్నట్టయితే ఆ తరువాత ఏ గడప తొక్కాలన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్ల కిందట బెంగళూరు వచ్చి, ఊరి అంచున ఒక లేఅవుట్లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు మోరీ పూడిపోయి రెండు వానాకాలాలుగా నీళ్లు గేటు దాటి వరండాలోకి వస్తున్నాయి. ఫోనులో తొమ్మిదిసార్లు ఫిర్యాదు చేశాం. ప్రతిసారీ నాలుగైదు రోజులకు ‘పని పూర్తయింది’ అని మెసేజ్ వస్తుంది, మోరీ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. లోకాయుక్తకు రాస్తే వాళ్లు వచ్చి బాగుచేయిస్తారా? — ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. మోరీ బాగుచేయించడం లోకాయుక్త పని కాదు. వేరే దేశాల్లో అంబుడ్స్‌మన్ అనే పదవి మన దగ్గర తీసుకున్న రూపం అది. 1809లో స్వీడన్‌లో మొదలైన ఈ పద్ధతిలో, ప్రభుత్వానికీ పౌరుడికీ నడుమ నిలబడి ‘ఈ అధికారి తన పనిని చేయవలసిన తీరులో చేశాడా’ అని విచారించడానికి ఎవరి చెప్పుచేతల్లోనూ లేని ఒక పెద్దను నియమిస్తారు. కర్ణాటకలో ఇందుకోసం 1984లో చట్టం చేశారు, 1986 జనవరిలో అది అమలులోకి వచ్చింది. నగరపాలిక ఉద్యోగులు కూడా దాని కిందికి వస్తారు. మంత్రుల మీద, పై స్థాయి అధికారుల మీద వచ్చే ఫిర్యాదులను లోకాయుక్త, తక్కినవారి మీద వచ్చేవాటిని ఉపలోకాయుక్త చూస్తారు కాబట్టి, వార్డు ఇంజినీరు మీద మీరిచ్చే కాగితం సాధారణంగా ఉపలోకాయుక్త బల్ల మీదికే చేరుతుంది.

ఆ చట్టంలో రెండు దారులున్నాయి. అధికారి నిర్లక్ష్యం వల్లో, అనవసరపు జాప్యం వల్లో నాకు అన్యాయం జరిగింది, పడరాని ఇబ్బంది పడ్డాను అని చెప్పుకోవడం ఒకటి. ఫలానా అధికారి లంచం తిన్నాడు, పదవిని సొంత లాభానికి వాడుకున్నాడు అని ఆరోపించడం రెండోది. మొదటి రకానికి, జరిగిన సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 6 నెలల గడువు ఉంటుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలుంది. ఆరోపణకైతే 5 ఏళ్ల గడువు ఉంది. చాలామంది కోపంలో ఈ రెంటినీ కలగలిపి, చేతిలో ఏ ఆధారమూ లేకుండానే ‘డబ్బు తినేశారు’ అని ఒక వాక్యం చేర్చేస్తారు. ఆ ఒక్క వాక్యంతో నిజమైన కష్టం వెనక్కు పోయి, నిరూపించలేని మాట ముందుకు వస్తుంది. మీరు మొదటి దారిలోనే వెళ్లండి.

మీ ఉత్తరంలో మోరీ పూడిపోయిందన్న మాట కంటే, పని చేయకుండానే పూర్తయిందని తొమ్మిదిసార్లు రాశారన్న మాటకు బలం ఎక్కువ. మోరీ ఎందుకు పూడిందంటే నిధులు రాలేదనీ, కాంట్రాక్టరు మారాడనీ, వాన ఎక్కువైందనీ చెప్పుకోవడానికి వారికి కావలసినన్ని కారణాలుంటాయి. చేయని పనిని చేసినట్టు రికార్డుకెక్కించినందుకు మాత్రం ఏ కారణమూ చెప్పలేరు. కాబట్టి ఆ తొమ్మిది మెసేజ్‌లనూ, వాటిలోని ఫిర్యాదు నంబర్లతో సహా, అచ్చు తీయించి పెట్టుకోండి. ప్రతి మెసేజ్ వచ్చిన మర్నాడు మోరీ ఎలా ఉందో తేదీ పడేలా తీసిన ఫోటో ఉంటే పక్కనే అతికించండి. లేకపోతే ఇకమీదటైనా తీయండి.

కాగితాల గురించి ఇంతగా చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటుంది. మా వీధి మలుపులో దీపం వెలగక ఏడాది పాటు ఒక కార్యాలయం చుట్టూ తిరిగాను. అక్కడి ఇంజినీరు మంచిగా మాట్లాడేవాడు, కాఫీ కూడా ఇప్పించేవాడు. చివరికి విసిగి పైవారికి రాయబోతే, ‘ఏ తేదీన అడిగారు, ఎవరు తీసుకున్నారు’ అన్న మొదటి ప్రశ్నకే నా దగ్గర సమాధానం లేకపోయింది. తాగిన కాఫీలకు రసీదు ఉండదు కదా! అప్పటి నుంచి ఏ అర్జీ ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని గాని కదలను.

రాయబోయే ముందు ఇంకొకటి తేల్చుకోండి. మీరు మోరీ అంటున్నది రోడ్డు పక్క వాననీటి కాలువైతే అది నగరపాలిక బాధ్యత, దానికి 1533. మ్యాన్‌హోల్ పొంగి మురుగు వస్తుంటే అది జలమండలి బాధ్యత, దానికి 1916. రెండూ కలిసి పొంగే వీధులూ ఉన్నాయి, అక్కడ ఒకరి మీద ఒకరు తోసుకోవడం మామూలే. అలాంటప్పుడు ఇద్దరికీ రాయాలి. పైగా 2025 సెప్టెంబరు 2 నుంచి బీబీఎంపీ అనే పాత నగరపాలక సంస్థ స్థానంలో ఐదు నగరపాలికలు వచ్చాయి. మీ ఇల్లు ఇప్పుడు దేనిలో పడిందో చూసుకుని, అధికారిని పేరుతో కాకపోయినా హోదాతో సరిగ్గా రాయాలి. 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు తీరిన తరువాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగక, తలుపు తట్టడానికి కార్పొరేటర్ కూడా లేకపోవడంతో ఈ భారమంతా పౌరుడి మీదే పడింది.

ఫిర్యాదు నమూనా 1లో, దానికి తోడు ప్రమాణపత్రం నమూనా 2లో ఇవ్వాలి. అంబేడ్కర్ వీధిలోని ఎం.ఎస్. బిల్డింగ్‌లో ఉన్న కార్యాలయంలో స్వయంగా ఇవ్వవచ్చు, పోస్టులోనూ పంపవచ్చు. విచారణ చేపట్టదగినదని తోస్తే దాని ప్రతిని ఆ అధికారికి పంపి వివరణ అడుగుతారు. ఆ వివరణ మీ చేతికి వచ్చినప్పుడు మీరు తిరుగు సమాధానం రాయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. అధికారి జవాబులో శుభ్రంగా ఉన్న ఏదో ఒక మోరీ ఫోటో ఉంటుంది. దాన్ని చూసి మండిపడి నాలుగు పేజీలు తిట్టడం కంటే, ‘ఇందులో కనిపించే కరెంటు స్తంభం మా ఇంటి ముందు లేదు’ అని ఒక్క ముక్క రాయడం మేలు. అవసరమైతే స్థలం చూసి రావడానికి లోకాయుక్తలో ఇంజినీర్ల విభాగం కూడా ఉంది.

తప్పు జరిగిందని తేలితే, ఇన్నాళ్లలోగా సరిచేయండని ఆ అధికారికీ, అతని పైవారికీ సిఫారసు చేస్తారు. ఏం చేశారో తిరిగి నివేదించాలి. ఆ చర్య తృప్తికరంగా లేకపోతే గవర్నరుకు ప్రత్యేక నివేదిక పంపవచ్చు, అది చట్టసభల ముందుకు వస్తుంది. అంతకు మించి, కోర్టులాగా డిక్రీ ఇచ్చే అధికారం లోకాయుక్తకు లేదు. ఈ దారి నిదానంగా సాగుతుందన్న మాట దాచను. అయినా వివరణ కోరుతూ కాగితం వెళ్లిన వారంలోనే మోరీలో పార దిగిన సందర్భాలు నాకు తెలుసు. తన పేరిట ఫైలు తెరుచుకోవడం ఏ ఉద్యోగికీ ఇష్టం ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక నగరపాలిక రికార్డుల్లోని ఇంటి ఖాతా నా పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టి మూడు నెలలైంది. ‘లోపల’ ఇవ్వాలంటూ ఒక మధ్యవర్తి ఇరవై వేలు అడుగుతున్నాడు. లోకాయుక్తకు ఎలా రాయాలి? ఇచ్చేస్తే నాకూ శిక్ష పడుతుందా? — ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. జాప్యం ఒకటి, లంచం ఒకటి. జాప్యానికి ముందుగా ‘సకాల’ ఉంది. 2011 నాటి చట్టం కింద 2012 ఏప్రిల్ 2న మొదలైన ఆ పథకంలో, ఖాతా మార్పిడి వంటి సేవలకు గడువు పెట్టి, దరఖాస్తుకు 15 అంకెల నంబరు ఇస్తారు. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం అడగవచ్చు. 500 రూపాయలతో మీకు ఒరిగేదేమీ లేదు గాని, అది బాధ్యుడైన ఉద్యోగి జీతంలోంచి పోతుంది, దాని మీద అప్పీలు కూడా ఉంది. ఆ అప్పీలు వాడుకోకుండా నేరుగా లోకాయుక్త దగ్గరికి వెళ్తే, ‘వేరే మార్గం ఉండగా అది చూడలేదేం?’ అని అడుగుతారు. ఉన్న మార్గం వాడుకోకపోతే అలాంటి ఫిర్యాదు మీద విచారణ చేపట్టకూడదని చట్టమే చెబుతోంది.

లంచం సంగతికి ఆ నమూనాలతో పని లేదు, లోకాయుక్త పోలీసుల దగ్గరికి నేరుగా వెళ్లాలి. 2016లో ఈ పనిని ఏసీబీ అనే వేరే సంస్థకు అప్పగించారు. 2022 ఆగస్టు 11న హైకోర్టు దాన్ని రద్దు చేయడంతో పని మళ్లీ లోకాయుక్త పోలీసుల చేతికే వచ్చింది. మధ్యవర్తి చెప్పాడు గాని అధికారి అడగలేదు కదా అని వెనుకాడకండి. అధికారిని ప్రభావితం చేస్తానని డబ్బు పుచ్చుకోవడం కూడా అవినీతి నిరోధక చట్టం కింద నేరమే.

ఇక మీ భయం సంగతి. 2018 సవరణ తరువాత లంచం ఇచ్చేవాడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే 7 రోజుల్లోగా పోలీసులకు తెలియజేసినవారికీ, ముందే పోలీసులకు చెప్పి వారికి సాయపడేందుకు ఇచ్చినవారికీ ఆ నేరం వర్తించదు. అంటే ఇవ్వకముందే వెళ్లడం అన్నిటికంటే క్షేమం. అక్కడ మీ నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలిన్ అనే తెల్లని పొడి పూసి, సాక్షుల ఎదుట మీ చేతికిస్తారు. అడిగినప్పుడే తీసి ఇవ్వాలి, మీ అంతట మీరు ఇవ్వబోకూడదు. పుచ్చుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. రంగు ఒక్కటే కేసును నిలబెట్టదు, ‘అడిగాడు’ అన్నది కూడా రుజువు కావాలి. అందుకని ఆ మధ్యవర్తి ఫోన్ సంభాషణలు, మెసేజ్‌లు చెరిపేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. కౌన్సిల్ వాళ్లు చెత్త తీయకపోతే అంబుడ్స్‌మన్‌కు రాస్తానంటోంది. అక్కడ అంత చిన్న విషయానికి కూడా వింటారా? మనకెందుకు లేదు? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వింటారండీ, కాని నేరుగా వెళితే వినరు. లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ అని ఇంగ్లండుకు మాత్రమే చెందిన సంస్థ అది, 1974 చట్టంతో ఏర్పడింది. స్కాట్లండు, వేల్స్‌లకు వేరేవి ఉన్నాయి. ముందు కౌన్సిల్‌కే ఫిర్యాదు చేసి, దాని అంచెలన్నీ పూర్తిచేయాలి. అందుకు 12 వారాల వరకు పట్టవచ్చని అనుకుంటారు. అప్పటికీ తృప్తి లేకపోతే, సంగతి తెలిసిన 12 నెలల్లోగా అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఫీజు లేదు. ఒక్కరోజు చెత్త తీయలేదంటే పట్టించుకోకపోవచ్చు. వారాల తరబడి తీయక, అడిగినా సరైన జవాబివ్వకపోతే చూస్తారు. తప్పు తేలితే క్షమాపణ చెప్పమనో, కొంత సొమ్ము ఇవ్వమనో, పద్ధతి మార్చుకోమనో సిఫారసు చేస్తారు.

మనకు లేదనడం సరికాదు. పదమూడో ఆర్థిక సంఘం, స్థానిక సంస్థలకు పనితీరు నిధులు కావాలంటే వాటి మీద స్వతంత్ర అంబుడ్స్‌మన్ ఉండాలని షరతు పెట్టింది. తమిళనాడు 2014లో స్థానిక సంస్థల కోసమే విడిగా అంబుడ్స్‌మన్ చట్టం చేసుకుంది. కర్ణాటకలో ఆ పని కూడా లోకాయుక్త నెత్తి మీదే ఉంది. అక్కడే నాకు కొంత అసంతృప్తి. ఒకే గొడుగు కింద కోట్ల రూపాయల అవినీతి కేసులూ, వీధి మోరీలూ ఉంటే పత్రికలకెక్కేది దాడులూ సోదాలూ. మోరీ ఫైలు అడుగున పడి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: నేను అద్దె ఇంట్లో ఉంటాను, కన్నడం రాయడం రాదు. పేరు పెట్టకుండా ఫిర్యాదు చేయవచ్చా? — ఒక యువకుడు

జవాబు: అద్దెకు ఉన్నా ఇబ్బంది మీదే కాబట్టి మీరు ఫిర్యాదు చేయవచ్చు. మీ ఇంటి పెద్దవారి తరఫున రాస్తుంటే, వారు స్వయంగా రాలేని స్థితిలో ఉన్నారని చూపి, వారి అనుమతి జతచేయాలి. కన్నడంలో గాని ఇంగ్లీషులో గాని రాయండి. కన్నడంలో ఫిర్యాదును ‘దూరు’ అంటారు. మన భాషలో దూరడమంటే నిందించడం కాబట్టి మాట మనకు కొత్తదేమీ కాదు, లిపి కూడా దగ్గరిదే. పక్కింటివారి సాయం తీసుకుంటే గంటలో పని అయిపోతుంది. పేరు మాత్రం తప్పదు, ఎందుకంటే ప్రమాణపత్రం మీద ఊరూ పేరూ లేని మనిషి ప్రమాణం చేయలేడు. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే శిక్ష ఉంది కనుక, కళ్లారా చూసిందే రాసి, విన్నదాన్ని విన్నట్టుగానే పేర్కొనండి. సంతకం ఇంట్లో చేసి తీసుకెళ్లకండి, నోటరీ ఎదుటే చేయాలి.